కూర్చున్న సరుకు

నమోదు 611

కొలతబల్ల దగ్గర నుంచి ఓదెలు. ఈ డబ్బాలో రోజూ నాలుగు మాటలు పడకపోతే మర్నాడు బల్ల తెరుచుకోదు కాబట్టి మాట్లాడుతున్నాను, ముచ్చటపడి కాదు.

ఇవాళంతా పార్సిళ్లే. పెట్టెను బల్ల మీద పెడితే పై నుంచీ పక్కల నుంచీ ఎర్రగీతలు వచ్చి తడుముతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని, మూడూ గుణించి, ఐదువేలతో భాగించి ఒక అంకె చెబుతుంది బల్లకున్న యంత్రం, దాన్ని కన్ను అంటాం. దాన్ని లెక్కబరువు అంటాం. తక్కెడ చూపే అసలు బరువు, ఈ లెక్కబరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే అదే ఖాయం. బండిలో చోటు తక్కువ కదా, దూది పంపేవాడైనా చోటుకు లెక్క చెప్పాల్సిందే. గుణకారాల బాధ పడలేక ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ని. చందమామ దాకా పారిపోయి వచ్చినా అవే గుణకారాలు నాకంటే ముందొచ్చి కూర్చున్నాయి.

డాక్టరు గారు కూతురికి బొమ్మ పంపుతుంటే, కొలిచేటప్పుడు నా పొట్టను కొంచెం గీతల్లోకి వాల్చాను. బొమ్మ లెక్కబరువు ఎనభై కిలోలు వచ్చింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంకాస్త సేపు ఆడిద్దామనుకున్నాను గానీ వెనక నుంచి లింగన్న నవ్వి బయటపెట్టేశాడు.

నవ్వితే ఆయనకు దగ్గు. దగ్గితే నల్లగా పడుతుంది. లింగన్న అంటే జంగం రాజలింగం, మా హమాలీ ముఠాలో అందరికంటే పాతవాడు. గని దుమ్ము మూటలు మోసీ మోసీ ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుంది.

"పుట్టినకాంచి నొసటికి ఇబూది పెట్టుకున్న తమ్మీ. ఈడికొచ్చినంక లోపట్నుంచి పూసుకుంటున్న" అన్నాడు ఛాతీ తడుముకుంటూ.

నేనూ నవ్వాను. టీ తాగుతుంటే ఎప్పటిలాగే పైపు వాసన.

నమోదు 612

డాక్టరు గారు లింగన్నను పిలిచి ఉన్నమాట చెప్పేశారు. రెండు పక్కలా నిండిపోయింది. కిందికి, అదే భూమికి, పంపుదామంటే బండి లేచే ఊపుకు ఆ ఊపిరి దారిలోనే ఆగుతుంది. వచ్చే సరుకుబండి చందమామ మీది మా చలివాడ నుంచి బయల్దేరే దాకా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంతకుమించి ఉండడు.

లింగన్న అక్కణ్నుంచి సరాసరి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఓదెలూ, జర బల్ల ఖాళీ చెయ్."

"ఎందుకన్నా?"

"నేనెక్కుత. కొలువు."

"ఏంది, టికెట్టు కొట్టాల్నా?"

"టికెట్టు బతికినోళ్లకు రా. నాకు పార్సిలు గీయి."

ఆటలాడుతున్నాడనుకున్నాను. పరాచికాలు మా ఇద్దరికీ ఉప్పూ కారం లాంటివి. కానీ చెప్పులు విడిచి, బల్ల అంచు పట్టుకుని, ఆగి ఆగి ఎక్కాడు. ఒకప్పుడు రెండు మూటలతో గంతులేసేవాడు.

చలివాడలో పోయినవాళ్లను ఎరువు గదికి ఇస్తారు. ఇక్కడ ఏదీ వృథా పోదు. ఆ గది నుంచి తోటకు, తోట నుంచి వంటింటికి. ఇదివరకు పెద్ద ఓడ వచ్చేది, పొడుగు పెట్టెలు అందులో కిందికి వెళ్లేవి. ఇప్పుడు వచ్చేది చిన్నబండి. పార్సిలు కిరాయి కట్టలేని మాలాంటి హమాలీలకు, పని ముగిసినా ప్రాణం పోయినా ఒక్కసారి, ఇంటికి పంపుకోవడానికి వంద కిలోల లెక్కబరువు ఇస్తారు, ఇంటి కోటా అంటాం. అదీ బండిలో గూళ్లలో పట్టాలి. గూటికి పెట్టే ఏ పెట్టె అయినా ఏ పక్కా మీటరు దాటకూడదు.

"తోటకు పోతే ఏమైతదన్నా?" అని అడిగాను.

"ఏంగాదు. టమాట అయిత. నువ్వు పులుసుల వేసుకోని ఉప్పు తక్కువైందని నన్నే తిడ్తవ్." పడుకుని పైకి చూస్తున్నాడు. "మా తాత, మా నాయిన మట్టిలకు పోయిన్రు. మా అక్క చంద్రవ్వ ఉన్నది, ఆమె చేత్తో ఇంత మట్టి పడాలె. గంతే తమ్మీ, ఇంకేం అడుగుత?"

కన్ను తిప్పాను. పెట్టె కూడా కలిపితే నూటతొంభై పొడవు, అరవై వెడల్పు, నలభై ఐదు ఎత్తు. లెక్కబరువు నూటరెండు దాటింది. పొడవు దగ్గర ఎర్రదీపం వెలిగింది.

"పట్టవన్నా" అన్నాను.

"పండుకుంట అని నీకెవడు చెప్పిండ్రా?" లేచాడు. కాళ్లు మడిచి బాసింపట్టు వేసి, నడుం నిలబెట్టి, ఒళ్లో అరచేయి తెరిచి పెట్టుకున్నాడు. "జంగమోళ్లం కూసోని పోతం మట్టిలకు. ఇప్పుడు కొలువు."

డెబ్బై ఎనిమిది. యాభై ఆరు. తొంభై ఆరు. లెక్కబరువు ఎనభై నాలుగు లోపే. పచ్చదీపం.

ఏదో ఒక వెటకారం నోటి దాకా వస్తుందని చూశాను. రాలేదు.

నమోదు 614

లోడు ఆఫీసరు సుగుణ మేడంకు చెప్పాను. బండిలో ఏ గూట్లో ఏది పోవాలో ఆమే నిర్ణయించాలి. నిద్రలేక ఆమె కళ్ల కింద నా చెప్పులంత నల్లటి సంచులున్నాయి.

"ఓదెలూ, ఇది కూడా మీ వేళాకోళమేనా? నిరుడు నా కుర్చీని పార్సిలు చేసి బండెక్కించారు మీరు."

"కుర్చీ వాపసొచ్చింది కదా మేడం. లింగన్న వాపసు రాడు."

ఆమె తెర తనవైపు తిప్పుకుంది. తర్వాత కన్ను చెప్పిన కొలతలు తనే మళ్లీ గుణించింది.

"ఇది ఒంటి కొలత. దీనికి పెట్టె కావాలి. పాడయ్యే సరుకు గనక మందగోడ పెట్టెలోనే పంపాలని రూలు. గోడ నాలుగు సెంటీమీటర్లు. రెండు పక్కలా ఎనిమిది. లోపల చుట్టూ వేలు సందు."

ఎనభై ఎనిమిది, అరవై ఆరు, నూట ఐదు. లెక్కబరువు నూట ఇరవై రెండు. ఎత్తు మీటరు దాటింది, కోటా కూడా దాటింది.

"నాలుగు వేళ్లే కదా మేడం. బల్ల దగ్గర ఉండేది నేనే. కన్నుకు కాస్త దుమ్ము పడిందనుకోండి..."

"పడనివ్వను" అంది. అరవలేదు. "బండి తలుపు దగ్గర వాళ్ల కన్ను మళ్లీ కొలుస్తుంది. తేడా వస్తే పెట్టెను దుమ్ములో దించేసి వెళ్లిపోతారు. అప్పుడు ఆయన ఇటు తోటకూ కాదు, అటు అక్కకూ కాదు. అలా చేస్తారా మీ అన్నకు?"

చేయను. కానీ ఇంకేం చేయాలో కూడా తెలియదు. ఇవాళ నా నడుం కూడా వంగిపోయి, మీటరు దాటి పైకి లేవనంటోంది.

నమోదు 615

లింగన్నకు చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, రూలు మీద కాదు, తన వెన్నెముక మీద.

"ఊర్ల ఉన్నప్పుడు గింత పొడుగు లేను రా. ఈడ నేల సక్కగ గుంజది, పెయ్యి సాగింది. రెండు వేళ్లంత పెరిగిన. పెరిగేటప్పుడు పెట్టెల పడ్తవా అని ఎవడన్న అడిగిండా?"

"తల జర వంచుకుంటే?"

"తల వంచుకోని పోవుడెందుకు, ఏమన్న దొంగతనం చేసిన్నా?"

పక్క మంచం మీద కూర్చుని సారమ్మ ఆయన కాళ్లకు నూనె రాస్తోంది. సారమ్మ మా ముఠాలో ఏకైక ఆడమనిషి. మా అందరికంటే ఎక్కువ మోస్తుంది, ఎక్కువ తిడుతుంది. "నిన్ను రెండు పార్సిళ్లు జేసి పంపుతం తియ్, మీ అక్క కుట్టుకుంటది" అంది. లింగన్న పడీ పడీ నవ్వాడు, తర్వాత దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆమె చెయ్యి ఆయన వీపు మీదే ఉంది.

నమోదు 618

ఎవరికీ ఏమీ తోచడం లేదు. బండి దగ్గరికి వస్తోందని బోర్డు మీద పడింది. లింగన్న ఇప్పుడు మంచం దిగడం లేదు. వచ్చినవాళ్లందర్నీ ఒకటే అడుగుతున్నాడు, "బండి యాడిదాక వచ్చింది?" బతకాలని ఆత్రమా, పోవాలని ఆత్రమా తెలియదు. ఆయన్ను అడిగితే, "లేటయితే బండి తప్పుతది, ముందుగాల పోతే మీరు దాస్కోలేరు. గిది పెండ్లి ముహూర్తం లెక్కున్నది" అన్నాడు.

నమోదు 619

సుగుణ మేడం తనే బల్ల దగ్గరికి వచ్చింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"మందగోడ ఎందుకు పెడతారు ఓదెలూ?"

"సరుకు పాడు గాకుండ."

"ఎలా పాడవుతుంది? గూట్లో గాలి లేదు, వెచ్చదనం లేదు. మందులు, విత్తనాలు గడ్డకట్టుకుపోతాయి. అలా కాకుండా గోడ. మనకు గడ్డకట్టడమే కదా కావాల్సింది?"

నేను చేతిలో ఉన్న పెట్టెను కింద పెట్టేశాను.

"అంటే మందగోడ పెడితేనే ఆయన పాడవుతాడు. కిందివాళ్లకు ఇదే రాశాను. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి విసుగొచ్చి ఒప్పుకున్నారు. ఒంటి రేకు పెట్టె. దిగాక మంచుబండిలోకి వాళ్లే మారుస్తారు."

ఎనభై, యాభై ఎనిమిది, తొంభై ఎనిమిది. తొంభై ఒకటి.

పచ్చదీపం చూసి ఆమె బల్ల మీదే తల ఆనించుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నిద్రపోయింది. ఎర్రగీతలు వచ్చి ఆమె తలను తడిమి లెక్కబరువు చెప్పబోతే కన్ను ఆపేశాను. మామూలుగా అయితే నేను వదులుకునే అవకాశం కాదు.

నమోదు 621

ఒక సంగతి మిగిలింది. ఊపిరి పోయాక ఒళ్లు బిగుసుకుపోయేలోగానే కూర్చోబెట్టాలి. బిగుసుకుంటే కాలు ముడుచుకోదు. అందుకని సారమ్మ, నేను వంతులు వేసుకున్నాం. ఎప్పుడూ ఒకరం మంచం పక్కన.

ఇవాళ నా వంతులో లింగన్న చూపు ఆగిపోయింది. ఛాతీ కదలడం లేదు. పిలిచాను, కుదిపాను. సారమ్మను కేకేశాను. ఇద్దరం ఆయన్ను లేపి గోడకు ఆనించి, కుడికాలు మడిచి, ఎడమకాలు దాని మీద పెడుతుంటే ఒక కన్ను తెరుచుకుంది.

"తప్పు రా. ఎడమది కిందికి, కుడిది మీదికి. మల్ల జెయ్."

సారమ్మ చేతిలో ఉన్న తడిబట్ట ఆయన మొహాన కొట్టింది. "నీ పాడెగట్ట! నిజంగ పోయినవనుకున్న గద రా ముసలోడా!"

"రేపు తప్పు జేస్తరని నేర్పిన" అన్నాడు. ఎంత సంతోషమో ఆ మొహంలో. నన్ను అంత బాగా బోల్తా కొట్టించినవాడు లేడు. ఒప్పుకుని దండం పెట్టాను.

నమోదు 623

బండి దిగింది. లోడింగు మొదలైంది.

మధ్యాహ్నం బువ్వ వేళ మంచం దగ్గరికి వెళ్లాను. లింగన్న మొన్నటిలాగే చూపు ఆపేసి ఉన్నాడు. ఛాతీ కదలడం లేదు.

"ఇగ చాలు తియ్ అన్నా" అన్నాను. "ఒక్కపాలి పడ్డ. రెండోపాలి పడ."

ఆయన పలకలేదు. ఎంతసేపు బిగబడతాడో చూద్దామని అక్కడే కూర్చుని బువ్వ తిన్నాను. తింటూ డాక్టరు గారి మీద రెండు జోకులు చెప్పాను, నవ్వు ఆపుకోలేక బయటపడతాడని. గిన్నె కడుక్కుని వచ్చాను. టీ తెచ్చుకున్నాను. ఆయన వంతు టీ ఆయన పక్కన పెట్టాను. టీ మీద మీగడ కట్టింది.

అప్పుడు సారమ్మ వచ్చింది. ఆయన దవడ ముట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎంతసేపయింది రా?"

మీగడ కట్టిన టీ వైపు చూపించాను.

"దవడ బిగిసింది. మెడ బిగుస్తున్నది. ఓదెలూ, కూసున్నవ్ ఏందిరా, లెవ్!"

సుగుణ మేడం తన స్నానం నీళ్ల కోటా మొత్తం వేడిచేసి పంపింది. సారమ్మ బట్టలు ముంచి మోకాళ్లకు, తుంట్లకు చుడుతూ, పిసుకుతూ, బిడ్డకు స్నానం పోస్తున్నట్టు మాట్లాడుతూనే ఉంది. "జర వదులు అన్నా, నీ కాలే, ఎవరిది కాదు, వదులు." ఆమె చెప్పిన చోటల్లా నేను పట్టుకున్నాను. ఎడమది కిందికి. కుడిది మీదికి. కుడి మోకాలు చాలాసేపు మొండికేసింది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊదాను. ఎందుకు ఊదానో తెలియదు.

చివరికి ముడుచుకుంది.

మెడ మాత్రం పూర్తిగా నిలబడలేదు. కొంచెం పక్కకు వాలింది, పక్కవాడి మాట వింటున్నట్టు. సారమ్మ ఆయన మెడలోని లింగకాయ తీసి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఆ వేళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి.

నమోదు 624

రేకు పెట్టెలో కూర్చోబెట్టి తక్కెడ మీద పెట్టాం. అసలు బరువు అరవై ఏడు. లెక్కబరువు తొంభై ఒకటి.

సుగుణ మేడం తెర వైపు చూసి, "ఇరవై నాలుగు కిలోలు ఖాళీగా పోతోంది" అంది. "ఎలాగూ తొంభై ఒకటికే లెక్క పడుతుంది. లోపల ఖాళీ ఉంటే ఆయన కదులుతారు కూడా. నింపాలి."

తర్వాత కొమురెల్లి, ఎప్పుడూ నోరు విప్పని హమాలీ, వెళ్లి ఏదో పట్టుకొచ్చాడు. భార్యకని గని రాతితో చెక్కిన పసుపుకొమ్ములు దంచే చిన్న రోలు. కోటా ఎప్పటికి వస్తుందో అని మంచం కింద దాచినది. "అన్న మోకాలి పక్కన పడ్తదేమో" అన్నాడు.

పట్టింది.

ఆ తర్వాత వరుస కట్టారు. సారమ్మ మనవరాలికి రాగితీగతో అల్లిన గాజులు తెచ్చింది, భుజం మీద సందులో పెట్టింది. ఒకరు పాత చొక్కాలు తెచ్చారు. ఇంకొకరు కొడుకు పేరు గీసిన రాయి. మేడం కన్ను దగ్గర నిలబడి, ఏదీ బయటికి పొంగకుండా, ఎవరిది ఎవరికి చేరాలో రాసుకుంటూ, ప్రతిదాన్ని తక్కెడ వేసి తీసుకుంది. చచ్చాక కూడా ఆయనతో మా సామాన్లు మోయిస్తున్నామని నేనంటే, సారమ్మ, "మొయ్యనియ్యి, ఆయనకు ఊకె పోవుడు నచ్చది" అంది.

నేను స్వెటరు విప్పి మడిచి, వాలిన మెడకూ రేకుకూ మధ్య దోపాను. తల నిలబడింది.

"ఇది ఎవరికని రాయను?" మేడం అడిగింది.

"ఎవరికీ లేదు మేడం. ప్యాకింగు అని రాయండి."

మూత వేశాక కన్ను తిప్పాను. ఎనభై, యాభై ఎనిమిది, తొంభై ఎనిమిది. గీతల్లోకి నా పొట్ట గానీ మోచెయ్యి గానీ రాకుండా రెండడుగులు వెనక్కి నిలబడి కొలిచాను.

నమోదు 625

లోడింగు అయిపోయింది.

బండి తలుపు దగ్గర వాళ్ల కన్ను కూడా అదే అంకె చెప్పింది. అందరం కిటికీ దగ్గర గుమిగూడి ఉన్నాం. చెవిలోని రేడియోలో బండివాడి గొంతు వినిపించింది, కుర్రగొంతు, కోస్తా యాస.

"ఏమండీ, ఈ పెట్టి మీద బాణం గుర్తేటండీ? ఇదేదో పైకని రాసుంది."

నేనే గీశాను. ఎర్రరంగుతో, నాలుగు పక్కలా.

"అవును. ఆ పక్క మీదికుండాలె."

"గూట్లో పైనా కిందా ఏముంటదండి? బయల్దేరాక అంతా తేలటమేగా. తెలీదేటండి మీకు?"

"ఎరుకే" అన్నాను. "దిగినంక ఉంటది."

చెవిలో కాగితాలు తిరగేసిన చప్పుడు. లోపల మనిషి కూర్చుని ఉన్నాడని కాగితంలో చదివాడేమో.

"సరేనండి" అన్నాడు.

కిటికీలోంచి చూశాను. పెట్టెను నెమ్మదిగా తిప్పాడు. బాణం బండి పైకి లేచే వైపుకు, దాని ముక్కు వైపుకు, వచ్చేదాకా సర్ది, ఒకటికి రెండు పట్టీలు బిగించాడు.